తన గొంతుకు తానే వంత



బుర్రకథ చూసినవారికి వంతలంటే ఎవరో చెప్పనక్కరలేదు. కథకుడికి అటొకరు, ఇటొకరు. వాళ్లు లేకపోతే కథ రక్తి కట్టదు. వంతలు లేకుండా తన గొంతుకు తానే వంత పాడుకునే ఒక గాయని గురించి ఈ రోజు మీతో చెప్పాలని ఉంది.

ఆమె పేరు పమేలా జీ. ఇది మనం గౌరవానికి చేర్చే 'జీ' కాదండోయ్! ఇంగ్లీషు అక్షరాల్లో చివరిది. మనం జడ్ అంటాం, అమెరికావాళ్లు జీ అంటారు. చట్టప్రకారం ఆ ఒక్క అక్షరాన్నే ఆమె ఇంటిపేరు చేసుకున్నారు.

1956లో అమెరికాలోని బఫెలోలో పుట్టారు. కొలరాడో విశ్వవిద్యాలయంలో సంగీతం చదివారు. ఒపేరా పద్ధతిలో గొంతు సాధన చేశారు. తర్వాత గిటారు పట్టుకుని పాటలు పాడుతూ వచ్చారు. కాని ఇంట్లో ఇష్టపడి వినేది ప్రయోగాల సంగీతం, వేదిక మీద పాడేది మామూలు పాట. రెండింటికీ పొంతన లేదు. పాడేవారికి ఇంతకంటే ఇబ్బంది ఏముంటుంది?

అప్పుడు వెదర్ రిపోర్ట్ అనే జాజ్ బృందం కచేరీకి వెళ్లారు. బేస్ గిటారు వాయించే జాకో పాస్టోరియస్, తాను వాయించిన ముక్కను యంత్రం చేత మళ్లీ మళ్లీ పలికిస్తూ, దాని మీద కొత్తగా వాయించారు. అది విన్నాక ఆమె కూడా డిజిటల్ డిలే అనే యంత్రం కొనుక్కున్నారు.

ఏమిటా యంత్రం? నూతిలోకి వంగి కేక వేస్తే అదే కేక తిరిగొస్తుంది కదా! ఇదీ అంతే. తేడా ఏమిటంటే, ఎంతసేపటికి తిరిగి రావాలో, ఎన్నిసార్లు రావాలో మనం నిర్ణయించవచ్చు. ఒక చిన్న మాట పలికి వదిలితే అది తిరుగుతూ తాళమవుతుంది. దాని మీద ఒక స్వరం, ఆ పైన ఇంకొకటి. పాడేది ఒక్కరే, వినిపించేది బృందగానం. ముందే రికార్డు చేసి తెచ్చింది కాదు, మీ ఎదుటే పుడుతుంది. తప్పు పాడితే ఆ తప్పు కూడా తిరిగి తిరిగి వస్తుంది మరి!

1984లో శాన్‌ఫ్రాన్సిస్కో చేరారు. కండరాల కదలికను గుర్తించి ధ్వనులు పలికించే బాడీసింథ్ అనే పరికరాన్ని ఒంటికి కట్టుకుని, చెయ్యి కదిపితే శబ్దం వచ్చేలా ప్రదర్శనలిచ్చారు. మొదట్లో బరువైన పెట్టెల నిండా యంత్రాలు మోసుకు తిరగాల్సి వచ్చేది. తర్వాత ఆ పనంతా ఒళ్లో పట్టే కంప్యూటరులోకి చేరింది.

నాకు అంతకంటే ముఖ్యమనిపించేది ఆమె మాటను వినే తీరు. జపానులో కొంతకాలం ఉండి వచ్చాక, పరాయివాడనే అర్థమున్న 'గైజిన్' పేరుతో ఒక ప్రదర్శన కూర్చారు. 2013లో క్రోనోస్ క్వార్టెట్ కోసం రాసిన రచనలోనైతే రకరకాల యాసలతో ఇంగ్లీషు మాట్లాడేవారి గొంతులే ముడిసరుకు. హోసూరు తెలుగు, బరంపురం తెలుగు మాట్లాడి ఎక్కడో ఒకచోట నవ్వులపాలైన మనకు ఆ సంగతి వేరే చెప్పాలా? ఆ రచనలో మాత్రం ఎవరూ నవ్వరు. ఒక మనిషి తన యాసలో మామూలుగా మాట్లాడతాడు. ఆ మాటల ఎత్తుపల్లాలే రాగమవుతాయి. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో దాని వెంట నడుస్తాయి.