రూపాయి పలచబడితే మన పొయ్యికేమి?

(హోసూరులో తెలుగు కుటుంబాల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను పావగడ తాలూకా వాణ్ణి. ముప్పై ఒక్క ఏళ్లు ఒక పల్లె సహకార సంఘంలో లెక్కలు రాసి విశ్రాంతి తీసుకొంటున్నవాణ్ణి. ఉపన్యాసకుణ్ణి కాను. రూపాయి, ఇంధనం, స్థానిక రాజకీయం ఈ మూడింటిని గురించి మాట్లాడమని మీ కార్యకర్తలు కోరినప్పుడు, ఇవి మూడు సభలకు చాలిన విషయాలు కదా అని నవ్వుకొన్నాను. ఆలోచించి చూస్తే, ఆ మూడూ ఒకే రోజున మా ఇంటి అరుగు మీద కలిసి కూర్చొన్న సంగతి గుర్తుకు వచ్చింది.

2025 డిసెంబరులో డాలరు విలువ 90 రూపాయలు దాటిన రోజది. అమెరికాలో ఉంటున్న మనుమడు ఫోన్ చేసి, "తాతా, ఈ నెల నేను పంపే సొమ్ము మీకు ఎక్కువ వస్తుంది" అని సంబరపడ్డాడు. పక్కనే బియ్యం ఏరుకొంటున్న నా భార్య, "మరి సిలిండరు మాటేమిటిరా?" అని ఒక్కటే అడిగింది. వాడి వద్ద జవాబు లేదు. ఆ సాయంత్రమే మా బావమరిది తన పొలం కౌలు పత్రం చంకన పెట్టుకొని వచ్చాడు. ఆరెకరాలు సౌరవిద్యుత్తుకు ఇచ్చినవాడు. "బావా, కౌలు పెరుగుతూనే ఉంది. అయినా ఏటికేడు చాలడం లేదు. ఎక్కడ పోతోంది?" అన్నాడు. ఈనాటి నా ప్రసంగమంతా ఆ ప్రశ్నకు నేను వెదుక్కొన్న సమాధానమే.

ముందు ఆవిడ ప్రశ్న. మన దేశానికి కావలసిన ముడిచమురులో నూటికి 85 పాళ్లకు మించి పైదేశాల నుండి వస్తోంది. వంటగ్యాసులో సగానికి పైగా దిగుమతే. దాని ధరకు మూలం సౌదీ అరేబియా కంపెనీ నెలనెలా ప్రకటించే డాలరు ధర. అక్కడ ధర కదలకపోయినా ఇక్కడ రూపాయి పలచబడితే, అదే 14.2 కిలోల సిలిండరుకు మనం ఎక్కువ రూపాయలు కట్టాలి. ఏలికలు ధర పెరగకుండా ఆపుతారు కదా అంటారు. ఆపుతారు. ధర ఆగుతుంది, భారం ఆగదు. గ్యాసును నష్టానికి అమ్మిన ప్రభుత్వ చమురు సంస్థలకు 2022లో 22,000 కోట్లు, 2025 ఆగస్టులో 30,000 కోట్లు కేంద్రం పరిహారంగా ఒప్పుకొంది. ఆ సొమ్ము పన్నుల నుండి గాని, అప్పుల నుండి గాని రావలసిందే. సిలిండరు బిల్లులో కనబడనిది మరో దారిన మన ఇంటికే వస్తుంది.

ఇది కొత్త కథ కాదు. 1966 జూన్ 6న ఒక్క రోజులో డాలరు 4 రూపాయల 76 పైసల నుండి 7 రూపాయల 50 పైసలకు వెళ్లింది. అప్పటికి నేను పలక పట్టే పిల్లవాణ్ణి. 1991 మాత్రం నాకు బాగా జ్ఞాపకం. 1990లో గల్ఫు యుద్ధ వాతావరణంలో చమురు ధర పెరిగింది. దేశం వద్ద విదేశీ సొమ్ము మూడు వారాల దిగుమతులకైనా చాలని స్థితి వచ్చింది. జూలైలో 47 టన్నుల బంగారం విదేశాలకు కుదువకు వెళ్లింది, ఆ నెలలోనే రూపాయి విలువను రెండు విడతలుగా తగ్గించారు. మా సంఘానికి వచ్చిన రైతు ఒకాయన, "దేశం కూడా మనలాగే మెడలోది తాకట్టు పెట్టిందా?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు నేనిప్పటికీ నవ్వలేను.

ఈ విషయంలో నన్ను పాతకాలపు మనిషి అంటారు. కాదనను. ఇంటికైనా, ఊరికైనా, దేశానికైనా రాబడిని మించి పోబడి ఉండరాదని, ఒకరి చెమటను మరొకరి ఓటుకు ఖర్చు పెట్టరాదని నమ్మే వర్గంలోని వాణ్ణి. ఈ మాట మన నేలకు పరాయిది కాదు. ఇక్కడికి దగ్గరలోని తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ, నిడుబ్రోలులో పుట్టిన ఆచార్య రంగా కలిసి 1959లో స్వతంత్ర పార్టీని నిలబెట్టారు. రంగాగారే తొలి అధ్యక్షులు. ప్రభుత్వం లోటు బడ్జెట్లతో నోట్లు పెంచితే పొదుపు చేసుకొన్నవాడే నష్టపోతాడన్నది వారి వాదం. (రాజాజీతో మన తెలుగువారికి 1952 నాటి పేచీ ఉన్నమాట నిజం. పొట్టి శ్రీరాములుగారి ప్రాణం పోయినప్పుడు మదరాసు ముఖ్యమంత్రి ఆయనే. దాన్ని మరచి మాట్లాడటం లేదు. పేచీ వేరు, లెక్క వేరు.)

రూపాయి పడితే అందరికీ నష్టమని కూడా నేను అనను. మా మనుమడి వంటివారికి, సరుకు ఎగుమతి చేసేవారికి కొంత లాభం. కాని ఎగుమతి చేసే కర్మాగారం కూడా ముడిసరుకునో, ఇంధనాన్నో బయటి నుండి తెచ్చుకొంటే ఆ లాభంలో చాలా మట్టుకు అక్కడే కరిగిపోతుంది. కూలివానికి, పింఛను మీద బ్రతికేవానికి, కౌలు మీద బ్రతికేవానికి లాభమన్న మాటే లేదు.

ఇక బావమరిది పత్రం సంగతి. ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే మీలో చాలామందికి రేపు ఇదే అవసరం పడవచ్చు.

పావగడ కర్ణాటకలో ఉన్నా మూడు వైపులా ఆంధ్ర సీమే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. చెనిక్కాయ పంట, వెయ్యడుగుల బోరు, ఫ్లోరైడు నీళ్లు, ఏటా బెంగళూరుకు వలస. అటువంటి చోట తిరుమణి, వల్లూరు మొదలైన అయిదు ఊళ్లలో సుమారు 13,000 ఎకరాల్లో సౌరవిద్యుత్తు పార్కు వచ్చింది. 2018 మార్చిలో తొలి దశ మొదలై, 2019 చివరకు 2,050 మెగావాట్లకు చేరింది. దీనిలో మెచ్చుకోవలసిన మాట ఒకటుంది. భూమిని కొనలేదు, లాక్కోలేదు. ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయల కౌలుకు తీసుకొన్నారు. పహణీలో పేరు రైతుదే. మన పూర్వులు చెప్పిన పద్ధతి ఇదే. నేల అమ్ముకోకుండా నేల ఫలం అమ్ముకోవడం. బావమరిది పత్రం తెచ్చిన తొలిరోజుల్లో, "సంతకం పెట్టు" అని చెప్పినవాణ్ణి నేనే.

తప్పు మరొక వాక్యంలో ఉంది. కౌలు రెండేళ్లకొకసారి నూటికి 5 చొప్పున పెరుగుతుందని రాశారు. ఆనాడు అందరం సంతోషించాం. నేనూ సంతోషించాను. లెక్కలు రాసి బ్రతికిన నాకు ఆ పూట లెక్క తట్టలేదు.

మన రిజర్వు బ్యాంకుకు 2016లో చట్టం ద్వారా ఒక గురి నిర్ణయించారు. ధరల పెరుగుదల ఏడాదికి నూటికి 4 ఉండాలని, అటూ ఇటూ రెండు పాళ్లు సర్దుబాటు. సరే, బ్యాంకు తన గురిని గుండు సూది మొనంత తప్పు లేకుండా సాధించిందనే అనుకొందాం. రెండేళ్లలో ధరలు నూటికి 8 పైచిలుకు పెరుగుతాయి. కౌలు పెరిగేది 5. అంటే ప్రతి రెండేళ్లకూ నూటికి మూడు రూపాయల వంతున మన కౌలు లోపల్లోపల చిక్కిపోతోంది. ఇరవై నాలుగేళ్లు గడిచేసరికి కాగితం మీద 21,000 కాస్తా 37,700 అవుతుంది. ఆ 37,700తో కొనగలిగే సరుకు, తొలి ఏడు 14,700తో కొన్నంత మాత్రమే. మూడో వంతుకు కొంచెం తక్కువగా ఎవరూ దొంగిలించకుండానే పోతుంది. బ్యాంకు గురి తప్పితే పోయేది ఇంకా ఎక్కువ.

ఈ లెక్కను పలక మీద రాసి చూపించినప్పుడు బావమరిది కోపగించుకోలేదు. "సంతకం పెట్టేటప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు కదా బావా" అన్నాడు, అంతే. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

ఇందులో కుట్ర ఉందని నేననడం లేదు. ఎడారి వంటి నేలకు 21,000 ఆనాడు గొప్ప మొత్తం. నేననేది ఇది. రూపాయి విలువ నిలకడగా ఉంటుందన్న నమ్మకంతో ఎవరూ పాతికేళ్ల ఒప్పందం రాయరాదు. పెంపును ధరల సూచీకి ముడివేయాలి. ఆ ఒక్క మాట ఊరంతా ఒక్కటై గ్రామసభలో అడిగి ఉంటే రాయించుకోగలిగేవాళ్లం. ఇంటింటికి విడివిడిగా సంతకాలైపోయాయి. పత్రం కన్నడంలోను ఇంగ్లీషులోను ఉంది. తెలుగులో చదివి అర్థం చెప్పే ఏర్పాటు ఊళ్లో ఎక్కడా లేదు. అరుగు మీద చదివి చెప్పిన నేనే వడ్డీ లెక్క మరిచాను.

మరొక లోటు కూడా చెప్పాలి. కౌలు భూమి ఉన్నవానికి వచ్చింది. ఆ పొలాల్లో కలుపు తీసి బ్రతికిన భూమిలేని కూలికి, గొర్రెలు మేపుకొనేవానికి పోయింది. ప్యానెళ్లు కడగడం, గడ్డి కోయడం, కావలి కాయడం వంటి పనులు కొందరికి దొరికాయి. అందరికీ కాదు. ఆస్తిని కాపాడాలనే మావంటివాళ్లం ఈ మాటను దాచితే మా వాదానికే పరువు తక్కువ.

ప్యానెళ్లు కూడా చైనా నుండే కదా, అదీ డాలరే కదా అని ఒక యువకుడు మా ఊళ్లో వాదించాడు. నిజం. పార్కుకు వచ్చిన కాలంలో చాలా వరకు అవే. 2022 ఏప్రిల్‌లో వాటిపై నూటికి 40 దిగుమతి సుంకం వేసిన పిమ్మట ఇక్కడి తయారీ పెరిగింది. లోపలి పలకల సరుకు మాత్రం ఇంకా బయటి నుండి వస్తూనే ఉంది. అయినా ఒక తేడా చూడండి. ప్యానెలుకు డాలరు ఒకసారి చెల్లిస్తే పాతికేళ్లు ఎండ ఊరకే వస్తుంది. గ్యాసుకు, డీజిలుకు ప్రతి నెలా చెల్లిస్తూ ఉండాలి. ఒడిసా ఎల్లలో 1955లో మొదలైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు ఇన్నేళ్లుగా నడుస్తున్నదంటే, ఆ నీటికి డాలరుతో పని లేకనే.

నేల అడుగున ఉన్నదాన్ని నమ్ముకోవడంలో మాత్రం జాగ్రత్త అవసరం. యానాం మిత్రులకు ఇది నేను చెప్పనక్కరలేదు. కృష్ణా గోదావరి సముద్ర గర్భం నుండి 2009 ఏప్రిల్‌లో గ్యాసు మొదలైనప్పుడు దేశపు ఇంధన కష్టం తీరినట్టే మాట్లాడారు. 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా పోయి, అక్కడి నుండి దిగజారింది. కొత్త బావుల నుండి మరల ఉత్పత్తి 2020 డిసెంబరులో గాని మొదలు కాలేదు. ఈలోగా దాన్ని నమ్మి కట్టిన విద్యుత్కేంద్రాలు గ్యాసు లేక ఖాళీగా నిలిచాయి. వాటికి పెట్టిన అప్పులు మాత్రం ఖాళీగా నిలవలేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. రూపాయిని మనం హోసూరులో కూర్చొని నిలబెట్టలేం. ఊరి ఇంధనపు లెక్కను మాత్రం చూసుకోగలం. 1993 నుండి అమలులో ఉన్న 73వ రాజ్యాంగ సవరణలో పంచాయతీలకు అప్పగించదగిన 29 విషయాల పట్టిక ఉంది. అందులో ఇంధనం, గ్రామీణ విద్యుత్తు, సంప్రదాయేతర ఇంధన వనరులు మూడూ ఉన్నాయి. రాష్ట్రాలు అధికారాన్ని పూర్తిగా దించలేదు. దించినంత మేరకైనా మనం వాడుకొన్నామా? కోయంబత్తూరు జిల్లాలో మేట్టుపాళయం వద్ద ఓడందురై అనే పంచాయతీ 2006లో 350 కిలోవాట్ల గాలిమర కొన్నది. ఖర్చు కోటీ 55 లక్షలు. కొంత పంచాయతీ కూడబెట్టిన సొమ్ము, తక్కినది బ్యాంకు అప్పు. ఊరికి చాలగా మిగిలిన విద్యుత్తును విద్యుత్ బోర్డుకు అమ్మి ఆ అప్పు తీర్చుకొన్నది. ఎవరినీ ఉచితంగా అడగలేదు. మరొకవైపు, నేనెరిగిన ఒక పంచాయతీలో వీధిదీపాలు పట్టపగలు వెలుగుతాయి. బకాయి ఎంత అని గ్రామసభలో అడిగితే, "మీకెందుకు పెద్దాయనా, ప్రభుత్వం చూసుకొంటుంది" అన్నారు. అది ప్రభుత్వం కట్టేదీ మన సొమ్మే.

ఉచిత విద్యుత్తు మాట ఎత్తకుండా దిగిపోతే మీరు ఊరుకోరు. తమిళనాట 1990 నుండి, ఆంధ్రలో 2004 నుండి సేద్యానికి ఉచితం. కర్ణాటకలో 2023 నుండి ఇళ్లకు 200 యూనిట్ల వరకు ఉచితం. ఆ పథకంలో నేనూ ఉన్నాను. తొలి నెల సున్నా బిల్లు చూసి సిగ్గుపడ్డాను. మూడో నెలకు సిగ్గు పోయింది, పంకా కట్టడం మరిచిపోతున్నాను. పేదవానికి సాయం వద్దని నేననను. చేసే సాయం బడ్జెట్టులో పేరుపెట్టి, సమయానికి చెల్లించాలి. విద్యుత్తు సంస్థ నెత్తిన అప్పుగా వేసి, ఆరేడేళ్లకు ఒకసారి ఛార్జీలు పెంచి రాబట్టడం సాయం కాదు. సేద్యపు విద్యుత్తు మరీ చవకైతే బోరు ఆగదు, నీరు అడుగంటుతుంది. ఆ వెయ్యడుగుల బోర్లు మా తాలూకాలో ఎలా వచ్చాయో నేను చూశాను.

చివరగా ఒక పని. ఈ ప్రాంతంలో కూడా సౌరవిద్యుత్తుకు, గాలిమరలకు భూములు అడిగేవారు వస్తారు, కొందరి ఇళ్లకు వచ్చే ఉంటారు. కౌలు పత్రాలు ఉన్నవారు సభ ముగిశాక నా వద్దకు తీసుకురండి. కన్నడమైనా పర్వాలేదు. తమిళమైతే మీ పిల్లలెవరైనా చదివితే నేను తెలుగులో లెక్క కట్టి చెబుతాను. పలక, సుద్ద వెంట తెచ్చుకొన్నాను. బెంగళూరు బస్సు ఆరున్నరకు. అప్పటిదాకా ఇక్కడే ఉంటాను.