జైల్లో వాళ్లే ఎందుకు ఎక్కువ?

మధ్యలో రైలు కూత వినిపిస్తే ఏమనుకోకండి, మా సీతాఫల్‌మండి గల్లీలో అది మామూలే.

పోయిన ఎపిసోడ్ చూసి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, జైళ్లలో దళితులు, ఆదివాసీలు, ముస్లింలు వాళ్ల జనాభా కంటే ఎక్కువున్నారంటే, నేరాలు కూడా వాళ్లే ఎక్కువ చేస్తున్నట్టే కదా?"

లెక్క నిజమే. 2011 జనగణనలో ఎస్సీలు 16.6 శాతం. జైళ్లలో వాళ్లు ఐదో వంతు దాటారు. కానీ ఇంకో లెక్క చూడు తమ్ముడూ. 2022 చివర్లో దేశంలో ఖైదీలు 5,73,220 మంది. వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువే కాలేదు! అంటే జైలు లెక్క చెప్పేది ఎవరు నేరం చేశారని కాదు. పోలీసులు ఎవర్ని పట్టుకున్నారు, వాళ్లలో ఎవరు బయటికి రాలేకపోయారు అని.

ఎవర్ని పట్టుకుంటారు? రవితేజ 'టైగర్ నాగేశ్వరరావు' చూశారుగా. స్టువర్టుపురం అనగానే దొంగలే గుర్తొస్తారు. అసలు ఆ ఊరు ఎలా పుట్టింది? బాపట్ల దగ్గర ఎరుకల వాళ్లను తెచ్చి పెట్టిన సెటిల్‌మెంట్ అది. 1871లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. నువ్వేం చేశావని ఎవరూ అడగరు, ఏ కులంలో పుట్టావన్నదే లెక్క. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే పర్మిషన్. 1952లో ఆ చట్టం పోయింది. మన దగ్గర 1962లో 'అలవాటు నేరస్థుల' చట్టం వచ్చింది. అందులో కులం పేరు లేదు. కానీ ఎక్కడైనా దొంగతనం జరిగితే ముందు ఏ గుడిసె తలుపు కొడతారో అందరికీ తెలుసు. ఎక్కువసార్లు వెతికిన చోటే ఎక్కువమంది దొరుకుతారు కదా. ఆ దొరికినవాళ్లను చూపించే మళ్లీ అక్కడే వెతుకుతారు.

ఇక జైళ్ల లోపల 2024 దాకా ఏం నడిచిందో తెలుసా? చాలా రాష్ట్రాల జైలు మాన్యువళ్లలో కులాన్ని బట్టి పని. ఆ అక్టోబర్ 3న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, ఖైదీల రిజిస్టర్లో కులం కాలమ్ తీసెయ్యమంది. జర్నలిస్టు సుకన్య శాంత వేసిన కేసు అది.

బయటికి రావడం ఇంకో గొడవ. బెయిల్ వచ్చినా ష్యూరిటీ కావాలి. కిరాయింట్లో ఉంటూ రోజుకూలీకి పోయేవాడికి ఇంటి కాగితాలు, జీతం స్లిప్పు పెట్టేదెవరు? అందుకే 2023లో సుప్రీంకోర్టు చెప్పింది: బెయిల్ వచ్చిన నెలలోపు ష్యూరిటీ కట్టలేకపోతే, షరతులు సడలించొచ్చేమో కోర్టే చూడాలని. ఇంకోటి, కస్టడీలో ఉన్నవాళ్లకి లాయర్ ఫ్రీ. మీకు తెలిసినవాళ్లెవరైనా లోపలుంటే 15100కి ఫోన్ చేయండి, ఈ నెల రోజుల సంగతి కూడా అడగండి.