రంగు పోతే చాలదు



ఇనుము, నికెల్ కలిపి చేసిన అతి సూక్ష్మ రేణువులు అద్దకం నీటిలోని రంగును విరగ్గొడతాయని శాస్త్రవేత్తలు తేల్చారు. మంచిదే. కానీ రంగు పోగానే నీరు సాగుకు పనికొస్తుందనుకోవద్దు. అజో రంగులు విరిగితే అమీన్లు మిగులుతాయి. వాటిలో కొన్ని విషాలే. అద్దకంలో వాడిన ఉప్పూ ఎక్కడికీ పోదు.

తమిళనాడులోని తిరుప్పూరు చూడండి. సాగు కోసం నొయ్యల్ నదిపై కట్టిన ఒరత్తుపాళయం ఆనకట్ట అద్దకం మురుగుతో నిండింది. ఆ ఉప్పుకు భూములు పాడయ్యాయి. రైతులు కోర్టుకెక్కారు. చుక్క మురుగు కూడా బయటికి వదలని ఏర్పాటు లేని అద్దకం యూనిట్లను మూసేయాలని 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఆదేశించింది.

రేపు ఎవరైనా తేటనీరు చూపిస్తే మురిసిపోకండి. ఉప్పెంత, అమీన్లెంత, ఆ రేణువులు నీటిలో ఎన్ని మిగిలాయని అడగండి. లెక్క చూపాకే కాలువలోకి వదలనిద్దాం.