నిశాదూతి: మెలటోనిను

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ప్రసంగ పాఠము)



నిద్రను గూర్చి తెలుగువారికి వేఱొకరు చెప్పవలసిన పని లేదు. పదునాలుగేండ్ల వనవాసమునందు లక్ష్మణుడు రెప్ప వాల్పకుండుటకై, ఆతని నిద్రను గూడ తానే నిద్రించిన ఊర్మిళాదేవి కథను ఇచ్చటి స్త్రీలు పాటగా పాడుకొనిరి. నిద్రను గెలిచినవాడగుటచే అర్జునుడు గుడాకేశుడయ్యెను. ఓడినవాడు కుంభకర్ణుడు. చరకుడు దేహమను ఇంటికి మూడు ఊతకంబములను జెప్పి, ఆహారమునకును బ్రహ్మచర్యమునకును నడుమ నిద్రను నిలిపెను. అయినను ప్రతిరాత్రియు నించుమించు ఒకే వేళకు ఆ నిద్ర ఎవరు పిలువగా వచ్చుచున్నదను ప్రశ్న చిరకాలము మిగిలిపోయినది. ఆ పిలుపునకు సంబంధించిన ఒక రసము 1958లో అమెరికాలో దొరకెను. దొరకబుచ్చుకొన్నవాడు నిద్రను వెదకినవాడు కాడు. ఆయన చర్మవైద్యుడు.

ఆయన పేరు ఆరన్ లెర్నరు. యేల్ విశ్వవిద్యాలయమునందు చర్మపు రంగును గూర్చి, ముఖ్యముగా బొల్లిని గూర్చి, చిరకాలము పరిశోధించినవాడు. బొల్లి ప్రాణము తీయు వ్యాధి కాదు, అంటువ్యాధియు గాదు. అయినను ముంజేతిమీద రూపాయిబిళ్లంత తెల్లమచ్చ కనబడినంతనే కుదిరిన సంబంధములు చెడిపోవుట ఈ దేశమున ఎఱుగనివారు లేరు. బావంచి గింజలు నూరి పూసి యెండలో కూర్చుండుమని చెప్పు వైద్యము ఇచ్చట ప్రాచీనమైనది. లెర్నరు వేఱొక త్రోవను పోయెను. చర్మమునకు నలుపు నిచ్చు రసమొకటి మెదడు క్రిందనున్న పీయూషగ్రంథిలో కలదని ఆయనయు, ఆయన సహచరులును అంతకుముందే వేఱుచేసి చూపియుండిరి. నల్లబఱచునది యొకటి యున్నప్పుడు తెల్లబఱచునది యెచ్చట నున్నది? ఇది ఆయన ప్రశ్న.

సమాధానమునకు జాడ ఒక పాత పత్రికలో నుండెను. 1917లో మెక్కార్డు, అలెన్ అను నిరువురు శాస్త్రజ్ఞులు ఆవుల మెదడులోని యొక చిన్న గ్రంథి సారమును కప్పపిల్లలకు ఇచ్చి చూడగా, నల్లని పిల్లలు స్వల్పకాలములోనే వెలవెలబోయి గాజువలె పారదర్శకములయ్యెను. ఆ గ్రంథి పేరు పీనియల్. మానవునియందు అది బియ్యపుగింజ యంతయే యుండును. దేవదారు జాతి కాయ ఆకారము కలదగుటచే దానికా పేరు వచ్చెను. గ్రీకు వైద్యుడు గాలెన్ దానిని వర్ణించెను. ఫ్రాన్సుదేశపు తాత్త్వికుడు డెకార్టు ఆత్మకు అదియే పీఠమనెను. ఈనాడు కొందఱు దానిని శివుని ఫాలనేత్రముతో పోల్చుచున్నారు. న్యూజీలాండునందలి టువటారా అను సరీసృపమునకు నడినెత్తిన, ఆ గ్రంథికి చేరువనే, వెలుతురును గుర్తించు నిజమైన మూడవకన్ను కలదనుట సత్యమే. పోలిక అందమైనది గాని, పురాణమును పురాణముగను శాస్త్రమును శాస్త్రముగను చదువుటయే రెంటికిని మర్యాద.

లెర్నరు కబేళాలనుండి లక్షకు మించిన పశువుల పీనియల్ గ్రంథులను తెప్పించెను. ఏండ్ల తరబడి వానిని నూఱి, వడియగట్టి, మరల వడియగట్టి, కడకు అత్యల్పమైన పదార్థమును చేతికి దెచ్చుకొనెను. అది కప్ప చర్మమును తెల్లబఱచెను. నల్లని వర్ణద్రవ్యమైన మెలనిను పేరులోని మొదటి భాగమును, దీనికి మూలమగు సెరొటోనిను పేరులోని కడపటి భాగమును గలిపి ఆయన దానికి మెలటోనిను అని పేరిడెను. తీరా చూడగా మానవచర్మమునకు దానివలన ఏమియు కాలేదు. కప్పను తెల్లబఱచినది మనుష్యుని తెల్లబఱచలేదు, నల్లబఱచలేదు. మనుష్యులకిచ్చి చూచినప్పుడు కనబడిన గుణమొక్కటే: కొంచెము మగత.

పేరు చర్మమునుండి వచ్చెను, కీర్తి నిద్రనుండి వచ్చెను. అయినను దీనిని నిద్రరస మనుట పూర్తిగా సరికాదు. ఎలుక రాత్రియంతయు మేల్కొని గాదెలు కొల్లగొట్టును గదా; దానికిని మెలటోనిను రాత్రియందే యూరును. కావున అది చెప్పు మాట “నిద్రింపుము” అని కాదు, “చీకటి పడినది” అని. ఆ వార్త విని మానవుడు పడక వేయును, ఎలుక కన్నము వెడలును. రాత్రి పొడవు పెరిగినకొలది ఈ స్రావము సాగు కాలమును పెరుగును. శీతలదేశములందలి గొఱ్ఱెలు ఆ పొడవును బట్టియే ఋతువును గుర్తించి జతగూడును. పంచాంగము చూడని గొఱ్ఱెకు ఇదియే పంచాంగము.

ఈ వార్త పీనియల్‌కు చేరు మార్గము మిక్కిలి వింతయైనది. కంటి తెరనుండి బయలుదేరిన సంకేతము మెదడు అడుగున నున్న కాలగడియారమునకు పోవును. 1972లో గుర్తింపబడిన ఆ స్థానము రెండు చిన్న కణసమూహములు మాత్రమే. అచ్చటనుండి వెన్నుపాములోనికి దిగి, మెడలోని నాడీగ్రంథిని చేరి, మరల పైకెక్కి పీనియల్‌ను తాకును. ప్రక్కయింటికి పోవుటకు ఊరు చుట్టివచ్చినట్లు! అందువలననే మెడవద్ద వెన్నుపాము పూర్తిగా దెబ్బతిన్నవారియందు రాత్రి మెలటోనిను ఊరుట నిలిచిపోవును.

ఇక ఆ గడియారము సంగతి. దానికి దినమనగా సరిగా ఇరువదినాలుగు గంటలు కాదు. సాధారణముగా కొన్ని నిమిషములు అధికము. చాంద్రమాన సంవత్సరము సౌరమానము కంటె పదునొకండు దినములు తక్కువగుటచే, తేడా పెరిగి ఉగాది వానలలో పడకుండుటకు పెద్దలు అధికమాసమును పెట్టిరి. దేహమునకు అధికమాసము ప్రతిదినము పెట్టవలెను. ఆ దిద్దుబాటు చేయునది ఉదయపు వెలుతురు. వెలుతురే సోకనివారికి లెక్క యేమగును?

కన్నులు పూర్తిగా లేనివారి బాధ ఇచ్చట మొదలగును. వారిలో పలువురి గడియారము సగటున ఇరువదినాలుగున్నర గంటలకొక చుట్టు తిరుగును. దినమునకు అరగంట. మొదటి వారమున అది తెలియదు. ఇరువదినాలుగు దినములకు పండ్రెండు గంటల తేడా పేరుకొని, పట్టపగలు దేహమునకు అర్ధరాత్రియగును. నలుబదియెనిమిది దినములకు మరల సరిపడి, మరల జాఱును. నెలలో కొన్ని దినములు సుఖనిద్ర, కొన్ని దినములు కొలువులోను భోజనపంక్తిలోను కునికిపాట్లు. చూచువారు సోమరియందురు. చూపులేమి యందఱికిని కనబడును. ఈ రెండవ చీకటి ఎవరికిని కనబడదు.

2000 సంవత్సరమున అమెరికాలో, ఇట్లు గడియారము జాఱుచున్న అంధులు ఏడుగురికి శాస్త్రజ్ఞులు పడకవేళకు ఒక గంట ముందుగా పది మిల్లీగ్రాముల మెలటోనిను ఇచ్చి చూచిరి. కొన్ని వారములలో ఏడుగురిలో ఆఱుగురి గడియారము లోకముతో కలిసి నడచెను. తరువాత కొందఱియందు మోతాదును అరమిల్లీగ్రాము వఱకు తగ్గించినను లెక్క తప్పలేదు. కంటికి చెప్పలేని మాటను మాత్ర నోటిగుండ చెప్పినది. లక్ష పశువుల గ్రంథులు నూఱిన శ్రమకు ఇంతకంటె గొప్ప ఫలమును లెర్నరు సైతము ఊహించియుండడు.

అంధులను గూర్చియే మఱియొకటి చెప్పవలసియున్నది. 1995లో పదునొకండుగురు అంధులను పరీక్షింపగా, ముగ్గురియందు ప్రకాశవంతమైన దీపము కంటిపై పడినప్పుడు మెలటోనిను తగ్గిపోయెను. వారికి దీపమున్నట్లే తెలియదు! కంటికి తెలియకపోయినను గడియారమునకు తెలిసినది. 2002లో దీని కారణము స్పష్టమయ్యెను: రూపములను చూచుటతో సంబంధము లేక, వెలుతురు మాత్రమే గుర్తించు కణములు కంటి తెరలో వేఱుగా కలవు. కావున చూపు పోయిన కన్ను వ్యర్థమైన కన్ను కాదు. అట్టి కంటిని తీసివేయవలసి వచ్చినప్పుడు వైద్యుడు ఈ సంగతి నాలోచింపవలసియున్నది.

అంగడిలో అమ్ము మాత్రలకు ఇంత మహిమ ఆపాదింపరాదు. నిద్రపట్టనివారిపై జరిగిన పరీక్షలన్నిటిని 2013లో గూర్చి చూడగా, మెలటోనిను వలన నిద్రపట్టు సమయము సగటున ఏడు నిమిషములు మాత్రమే తగ్గెను. అమెరికాలో అది ఆహారద్రవ్యముగా చీటి లేకయే దొరకును. 2023లో అచ్చట ఇరువదియైదు రకముల మెలటోనిను మిఠాయిబిళ్లలను పరీక్షింపగా, ఇరువదిరెండింటిలో సీసాపై వ్రాసినదొకటి, లోపలనున్నదొకటి. ఒకదానిలో అసలు మెలటోనినే లేదు, మఱియొకదానిలో వ్రాసినదానికి మూడు రెట్లకు పైగా నున్నది. సంతలో తూకపురాళ్లు తప్పుగా నున్నచో జనులు ఊరకుందురా? బిడ్డలకు నిద్ర కని పెట్టు బిళ్లయందు ఇట్టి తూకము సహింపరానిది. పైగా రాత్రి చాల ప్రొద్దుపోవు వఱకు వెలుగు తెరను ముఖమునకు దగ్గఱగా పట్టుకొని, సహజముగా నూరు రసమును తామే ఆపివేసి, దానినే సీసాలో కొనుట చూచిన వెంగళప్పకును నవ్వు వచ్చును.

బొల్లి మాట మిగిలినది. లెర్నరు దానిని విడువలేదు. 1987లో ఆయనయు సహచరులును రోగి శరీరమునుండియే రంగుకణములను తీసి, పెంచి, తెల్లమచ్చపై నాటి చూచిరి. ఆయన 2007లో కాలధర్మము నొందెను. బొల్లిమచ్చలకు మరల రంగు తెచ్చుటకై రక్సోలిటినిబ్ అను లేపనమునకు అమెరికా ప్రభుత్వము 2022 జూలైలో అనుమతి నిచ్చెను. అందులో మెలటోనిను లేదు.