బడి గోడకు డబ్బు ఎక్కడిది?

పోర్ట్ బ్లెయిర్‌లోని (2024 నుంచి శ్రీ విజయపురం) మిన్నీ బేలో ఒక బడి పైకప్పు పెచ్చులూడిందనుకోండి. మరమ్మతుకు డబ్బు ఎవరివ్వాలి?

ఆంధ్రప్రదేశ్‌లో అయితే జవాబులో ముగ్గురుంటారు. ఎన్నో ఉన్నత పాఠశాలల బోర్డు మీద జిల్లా పరిషత్ పేరుంటుంది. ఖర్చులో పెద్ద భాగం రాష్ట్ర ఖజానాది. 2018లో మొదలైన సమగ్ర శిక్ష పథకంలో మాత్రం కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి.

అండమాన్ దీవులకు శాసనసభ లేదు. కనుక ఇక్కడ సమగ్ర శిక్ష ఖర్చు నూరు శాతం కేంద్రానిదే. పాలనాయంత్రాంగం బడ్జెట్టు కూడా కేంద్ర హోంశాఖ పద్దుల్లోనే పార్లమెంటు ముందుకు వెళుతుంది. వాటా కట్టనక్కర్లేదు గదా, ఇంకేం అంటారేమో! కానీ ఆ పద్దు మీద ప్రశ్న అడగడానికి ఎమ్మెల్యే లేడు. లోక్‌సభలో ఈ దీవులన్నిటికీ ఒక్కరే సభ్యుడు. జిల్లా పరిషత్తు, పంచాయతీలు, పురపాలక మండలి ఉన్నా, వాటికీ ప్రధానంగా పైనుంచి వచ్చే గ్రాంట్లే ఆధారం.

ఇప్పుడు కాస్త సైన్సు. సముద్రపు గాలిలోని క్లోరైడ్ కాంక్రీటులోకి దిగి ఇనుప చువ్వకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగిలి పెచ్చులూడుతుంది. ఉక్కు, సిమెంటు ప్రధాన భూభాగం నుంచి ఓడల్లో రావాలి. పైగా ఇది భూకంపాల ప్రాంతం. 2004 డిసెంబరు 26 సంగతి మీ పెద్దల్ని అడగండి. అంటే నేలమీది లెక్కతో ఇచ్చిన మంజూరు ఇక్కడ చాలదు.

కొత్త భవనానికైతే శిలాఫలకం ఉంటుంది. పగులు పూడ్చే పనికి ఎవరూ ఫలకం వేయరు! అందుకే బడ్జెట్టు పుస్తకం చూసేటప్పుడు నిర్మాణానికెంత, నిర్వహణకెంత అని విడివిడిగా వెతకండి.