భుజం నొప్పి, గుండె నొప్పి

(కనకమామిడిలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాడిని. అయినా మన వయసువాళ్లు నలుగురు కూడితే నొప్పుల ముచ్చటే గదా! అందులో మోకాలి తర్వాత పేరు భుజానిదే. భుజం, రెట్ట, ఛాతీ లోపల ఎలా అమరి ఉన్నాయో తెలిస్తే, ఏ నొప్పికి కాపడం చాలో, ఏ నొప్పికి వెంటనే పరుగెత్తాలో తెలుస్తుంది. మన మండలంలోని యెంకేపల్లి వైద్య కళాశాల పిల్లలు మొదటి ఏడాదిలోనే చదివే పాఠం ఇది.

భుజంలో ఎముకలు మూడు. మెడ కింద అడ్డంగా చేతికి తగిలేది జత్రుక. వీపు మీద రెక్కలా ఉన్నది రెక్క ఎముక. మూడోది రెట్టలోని ఎముక. చేతికీ మొండేనికీ ఎముకతో సంబంధం ఒక్క జత్రుక ద్వారానే. అది రొమ్ము ఎముకతో కలిసి ఉంటుంది. తక్కినదంతా కండరాల పట్టే. చెయ్యి చాచి కింద పడితే ఆ దెబ్బ జత్రుకకు చేరి అది విరగవచ్చు. బాత్రూములో తడి లేకుండా చూసుకోమని చెప్పేది ఊరికే కాదు.

రెట్ట ఎముక తల బంతిలా ఉండి, రెక్క ఎముక అంచున ఉన్న గిన్నెలో తిరుగుతుంది. తుంటి కీలు గిన్నె లోతు. భుజం గిన్నె పళ్లెంలా పలచన. అందుకే చెయ్యి అన్ని వైపులకూ తిరుగుతుంది, అందుకే కీలు సులభంగా తొలగుతుంది కూడా. బంతి జారకుండా నాలుగు కండరాలు చుట్టూ పట్టి ఉంచుతాయి. వయసు మీరేకొద్దీ వాటి కొసలు అరుగుతాయి, ఒక్కోసారి చిరుగుతాయి. గుడిమల్కాపూర్ మార్కెట్టుకు గంపలెత్తే మన రైతులకు ఈ బాధ ముందే రావచ్చు.

షుగరు ఉన్నవారికి ఎక్కువగా వచ్చేది భుజం బిగుసుకుపోవడం. కీలు చుట్టూ ఉన్న సంచి వంటి పొర మందమై ముడుచుకుంటుంది. మొదట నొప్పి, తర్వాత బిగువు, ఆపైన మెల్లగా సడలింపు. అంతా కలిపి ఏడాది నుంచి మూడేళ్లు పట్టవచ్చు. ఆడవారికి జడ వేసుకోవడం, మగవారికి చొక్కా తొడుక్కోవడం కష్టం. నొప్పి అని చెయ్యి కదపడం మానేస్తే ఇంకా బిగుస్తుంది. డాక్టరు చూపిన ప్రకారం గోడ మీద వేళ్లు పాకిస్తూ రోజూ కదపాలి.

ఇక రెట్ట. 2021లో కరోనా టీకా వేయించుకున్నది భుజాన్ని కప్పిన దళసరి కండరంలో. దాని కింద, రెట్ట లోపలి వైపున పెద్ద రక్తనాళం ఉంది. బి.పి. పట్టీ చుట్టేది దాని కోసమే. చేతిని గుండె ఎత్తున బల్ల మీద ఆనించి చూపించుకోండి. వేలాడదీస్తే అంకె ఎక్కువ చూపుతుంది.

అసలు సంగతి ఛాతీది. పన్నెండు జతల పక్కటెముకల గూటిలో, రొమ్ము ఎముక వెనక, కాస్త ఎడమకు గుండె ఉంది. గుండె నుంచి వచ్చే నరాలు, ఎడమ చేతి లోపలి వైపు నుంచి వచ్చే నరాలు వెన్నుపాములో దగ్గర దగ్గరగానే చేరతాయి. మన భాషలో చెప్పాలంటే రెండు సెక్షన్ల తపాలు ఒకే ఇన్‌వర్డు రిజిస్టరులో పడుతుంది. మెదడు గుండె కాగితాన్ని చేతి ఫైలులో పెట్టేస్తుంది. గుండెకు ఆపద వస్తే భుజం, చెయ్యి, దవడ నొప్పి పెట్టడం అందుకే.

తేడా ఎట్లా? చెయ్యి కదిపితేనో, నొక్కితేనో పెరిగే నొప్పి చాలావరకు భుజానిది. చెయ్యి కదిపినా కదపకున్నా ఒకే తీరుగా ఉండి, ఛాతీ బరువు, చెమట, ఆయాసం, వాంతి వచ్చినట్లుండటం తోడైతే అది గుండెదని అనుకోవాలి. ఆడవారికీ, షుగరు ఉన్నవారికీ ఛాతీ నొప్పి లేకుండానే రావచ్చు. ఎటూ తేలకపోతే గుండె నొప్పిగానే లెక్క. తైలం మర్దన చేస్తూ కూర్చోవద్దు, బస్సు కోసం చూడవద్దు. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు ఇందుకే ఉన్నది.

పిల్లల నిద్ర చెడగొట్టడం ఎందుకని తెల్లవారేదాకా ఓర్చుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. దయచేసి మానండి. కోడళ్లు, కొడుకులు కూడా "పట్టేసి ఉంటుందిలే" అనకుండా పై గుర్తులు ఒక్కసారి అడిగి చూడండి. ఏటా లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వాలంటే ముందు మనం ఉండాలి గదా!