పాత దూరదర్శన కార్యక్రమములు – వాని రక్షణ



గ్రంథము జీర్ణమైనను మిగిలిన పుటలు చదువుకొనవచ్చును. టేపు చెడినచో బొమ్మయు మాటయు కూడ పోవును.

1975 ఆగస్టు నుండి ఒక సంవత్సరము ‘సైట్’ ప్రయోగమున ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములు దూరదర్శనమును చూచినవి. వానిలో తెలుగు పల్లెలును గలవు. 1987లో మొదలైన ‘రామాయణ్’ ధారావాహికను 2020లో మరల ప్రసారము చేయగా, తాతలతో కూడి మనుమలును చూచిరి. భద్రపరచుటచేతనే గదా ఆ భాగ్యము!

భద్రపరచనిచో నేమగునో లండను బి.బి.సి. కథ చెప్పును. 1960, 70 దశకములలో అచ్చట పాత టేపులను చెరిపి కొత్తవి నింపిరి. ‘డాక్టర్ హూ’ ధారావాహికలో పెక్కు భాగముల దృశ్యములు నేటికిని దొరకలేదు. వాని ధ్వని మాత్రము మిగిలినది. ఇండ్లలో రికార్డు చేసికొన్న సామాన్య ప్రేక్షకులే దానిని నిలిపిరి.

మన రాజయ్యపేట కడలియొడ్డు గ్రామము. తేమచే టేపునకు బూజు పట్టును, పొరలు అంటుకొనును. వి.హెచ్.ఎస్. యంత్రముల తయారీయు 2016లో ఆగినది. కావున అటకపైనున్న కేసెట్లను నేడే దింపి, పొడిచోట నిలువుగా నుంచి, పేరును తేదీని వ్రాసి, నకలు తీయింపుడు.

పిమ్మట ఒక సాయంకాలము అందరము కలిసి చూతము. పెద్దలు నాటి ముచ్చటలు చెప్పగా పిల్లలు విందురు. సెలవు.